మార్చిన కారు, మిగిలిన వారంటీ

కొత్త కారుతో పాటు కొనుగోలుదారు చేతికి వచ్చే వారంటీ పుస్తకం చట్టం దృష్టిలో షరతులతో కూడిన ఒక వాగ్దానం. నిర్ణీత కాలంలో గాని, నిర్ణీత దూరం తిరిగేలోగా గాని, తయారీలోనో వాడిన సరుకులోనో లోపం బయటపడితే ఆ భాగాన్ని కంపెనీ తన ఖర్చుతో బాగుచేయిస్తుంది, లేదా మార్చి ఇస్తుంది. వాగ్దానం చేసేది కంపెనీ అయినా దాన్ని నెరవేర్చే పని డీలరుది కాబట్టి, కొన్నవాడికి ఎదురుపడే మనిషి ఎప్పుడూ డీలరే. కారు యజమాని తన ముచ్చట కొద్దీ మరో సైలెన్సరో, పెద్ద చక్రాలో, ఇంజిన్ బలం పెంచే సామగ్రో బిగించుకుంటే ఈ వాగ్దానం ఏమవుతుందన్న ప్రశ్న అమెరికాలో చాలా పాతది. దానికి దొరికిన జవాబులు మాత్రం కాలానికొక తీరుగా ఉన్నాయి. ఆ జవాబులను వరుసగా చూస్తే, తగాదా పైకి యంత్రం గురించినదిగా కనిపించినా, అసలు పట్టు వేరే చోట ఉందని తెలుస్తుంది: బండి చెడినప్పుడు కారణాన్ని రుజువు చేయవలసింది ఎవరు, ఆ రుజువు చాలునో చాలదో తేల్చేది ఎవరు అన్న దగ్గర.

20వ శతాబ్ది మధ్యనాటికి ఈ రెండు అధికారాలూ కంపెనీ చేతిలోనే ఉండేవి. డెట్రాయిట్ తయారీదారుల సంఘమైన ఆటోమొబైల్ మాన్యుఫాక్చరర్స్ అసోసియేషన్ రూపొందించిన మూస వారంటీనే పెద్ద కంపెనీలన్నీ వాడేవి. దాని గడువు 90 రోజులు లేదా 4,000 మైళ్ళు, అంటే సుమారు 6,400 కిలోమీటర్లు, వీటిలో ఏది ముందైతే అది. లోపమున్న భాగాన్ని రవాణా ఖర్చు ముందే చెల్లించి ఫ్యాక్టరీకి పంపాలి. అక్కడ పరిశీలించి అది లోపమేనని కంపెనీకి తృప్తి కలిగితేనే మార్చి ఇచ్చేవారు. ఆ కాలపు వారంటీలలో తరచు కనిపించే మరో షరతు ప్రకారం, అధీకృత సర్వీసు కేంద్రానికి బయట బండికి మరమ్మతో మార్పో చేయించి, దానివల్ల బండి నిలకడ దెబ్బతిన్నదని కంపెనీ అభిప్రాయపడితే వారంటీ వర్తించదు. ఇక్కడ బరువంతా ఆ 'అభిప్రాయం' మీదే ఉంది, ఎందుకంటే కక్షిదారూ న్యాయమూర్తీ ఒక్కరే అయినప్పుడు యజమాని ఏ రుజువు తెచ్చినా దాన్ని వినే చోటు లేదు.

ఆ మూసను కోర్టు తొలిసారి గట్టిగా నిలదీసింది న్యూజెర్సీ రాష్ట్రంలో. 1955 మే నెలలో హెన్నింగ్‌సెన్ అనే దంపతులు బ్లూమ్‌ఫీల్డ్ మోటార్స్ అనే డీలరు దగ్గర ప్లిమత్ కారు కొన్నారు. బండి చేతికొచ్చిన పది రోజులకే, 468 మైళ్ళ దగ్గర, భార్య నడుపుతుండగా స్టీరింగ్ చేయి తప్పి కారు గోడకు గుద్దుకుంది. బండి ముందు భాగం ఎంతగా నుగ్గయిందంటే, స్టీరింగ్‌లో ముందే లోపమున్నదీ లేనిదీ విడిభాగాలను చూసి తేల్చడానికి వీలులేకపోయింది. కొనుగోలు పత్రం వెనుక సన్నని అక్షరాలలో ఉన్న షరతులను చూపి కంపెనీ, డీలరు ఇద్దరూ బాధ్యత లేదన్నారు. హెన్నింగ్‌సెన్ కేసుగా పేరొందిన ఈ వ్యాజ్యంలో న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1960లో తీర్పు చెబుతూ, పోటీ కంపెనీలన్నీ ఒకే షరతులు పెడుతున్నప్పుడు కొనుగోలుదారుకు బేరమాడే అవకాశమే లేదని, అమ్మిన వస్తువు దాని పనికి తగినదై ఉండాలన్న అవ్యక్త హామీని, అంటే కాగితం మీద రాయకపోయినా చట్టమే అమ్మకంలో ఉన్నట్టు భావించే హామీని, అలాంటి షరతులతో తుడిచివేయడం చెల్లదని తేల్చింది. ఆ కారుకు ఎవరూ ఏ మార్పూ చేయలేదు. అయినా మార్చిన కార్ల చరిత్రలో ఈ తీర్పుకు చోటుంది, ఎందుకంటే కంపెనీ సొంత అభిప్రాయమే ఆఖరి మాట కాదన్న సూత్రం ఇక్కడి నుంచే బలపడింది.

అదే సమయంలో బజారు కూడా వారంటీని సాగదీయడం మొదలుపెట్టింది. ఫోర్డ్ కంపెనీ తన 1961 మోడళ్ళకు 12 నెలలు లేదా 12,000 మైళ్ళ వారంటీ ప్రకటించింది. అమ్మకాలలో వెనుకబడిన క్రైస్లర్ 1963 మోడళ్ళకు ఇంజిన్, గేర్‌బాక్స్, చక్రాలకు బలం అందించే ఇతర భాగాలు కలిపిన 'పవర్‌ట్రెయిన్'కు ఏకంగా 5 ఏళ్ళు లేదా 50,000 మైళ్ళ వారంటీ ఇచ్చి అందరినీ కంగారుపెట్టింది. ఈ ఔదార్యం వెనుక నిబంధనల చిట్టా ఉంది. 3 నెలలకో 4,000 మైళ్ళకో ఆయిల్ మార్చాలి. రెండుసార్లకు ఒకసారి ఆయిల్ ఫిల్టర్ మార్చాలి. 6 నెలలకొకసారి కార్బ్యురేటర్ గాలి ఫిల్టర్ శుభ్రం చేయించాలి. ఇవన్నీ జరిగాయనడానికి ఆధారాలను 6 నెలలకొకసారి డీలరుకు చూపి అతని చేత ధ్రువీకరణ రాయించుకోవాలి. వారంటీ పొడవు పెరిగిన కొద్దీ యజమాని నడవడిక మీద నిఘా పెరిగిందని, బండి ఎవరి దగ్గర బాగుచేయించాలి, అందులో ఎవరి సరుకు వాడాలి అన్న తగాదాలకు విత్తనం ఈ ఔదార్యంలోనే పడిందని చెప్పడం తప్పు కాదు.

ఇంతకీ కార్లను మార్చే పని ఈ కాలంలో ఎవరు చేస్తున్నారన్నది చూడవలసిన విషయం. రెండవ ప్రపంచయుద్ధం తర్వాత దక్షిణ కాలిఫోర్నియాలో పాత ఫోర్డు కార్లను విప్పి వేగానికి తగినట్టు తీర్చిదిద్దే కుర్రకారు వల్ల విడి సామగ్రి చేసే చిన్న చిన్న కార్ఖానాలు పుట్టాయి. ఆ తయారీదారులు 1963లో సెమా అనే సంఘంగా ఏర్పడగా, కామ్‌షాఫ్ట్‌ల తయారీలో పేరున్న ఎడ్ ఇస్కెండేరియన్ దాని మొదటి అధ్యక్షుడయ్యాడు. వీరు షోరూంకు బయటివారు. కానీ 1960లలో ఎక్కువ సంచలనం రేపిన మార్పులు జరిగింది షోరూం వెనుక షెడ్డులోనే, వారంటీ కాగితం మీద సంతకం పెట్టే డీలర్ల చేతుల మీదుగానే. మార్పుకూ వారంటీకీ పుట్టుకతోనే పడదన్న నేటి నమ్మకానికి ఈ కాలం సరైన ఖండన.

మిషిగన్ రాష్ట్రం రాయల్ ఓక్‌లోని రాయల్ పాంటియాక్ అనే డీలరు 'బాబ్‌క్యాట్' పేరుతో అమ్మిన సామగ్రి ఇందుకు మంచి మచ్చు. అందులో ఉన్నవి పలుచని హెడ్ గ్యాస్కెట్లు, కార్బ్యురేటర్‌కు వేరే జెట్లు, నిప్పురవ్వ సమయాన్ని ముందుకు జరిపే డిస్ట్రిబ్యూటర్ భాగాలు, వాల్వుల సర్దుబాటును బిగించి ఉంచే నట్లు వంటి చిల్లర సరుకులే. గ్యాస్కెట్ పలుచనైతే సిలిండర్‌లో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం మరికొంచెం గట్టిగా నొక్కుకుంటుంది, బలం పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. బానెట్ ఎత్తి చూసినవాడికి ఇవేవీ కంటికి ఆనవు. చేసినవాడు డీలరే కాబట్టి తర్వాత ఏదైనా తేడా వస్తే దాన్ని కంపెనీ ఖాతాలో రాయాలో, తన ఖాతాలో వేసుకోవాలో తేల్చుకోవలసినవాడూ అతనే.

పెన్సిల్వేనియాలోని కానన్స్‌బర్గ్‌లో షెవర్లే డీలరైన డాన్ యెంకో మరో అడుగు ముందుకు వేశాడు. జనరల్ మోటార్స్ తన మధ్యతరహా, చిన్న కార్లలో 400 ఘనపు అంగుళాలకు మించిన ఇంజిన్ పెట్టరాదని తనకు తానే నియమం విధించుకుంది. అందువల్ల 1967లో కమారో కారుకు ఫ్యాక్టరీ ఇచ్చిన పెద్ద ఇంజిన్ 396 ఘనపు అంగుళాలది, అంటే 6.5 లీటర్లది. యెంకో దాన్ని దించి 427 ఘనపు అంగుళాల ఇంజిన్, అంటే 7 లీటర్లది, ఎక్కించి అమ్మాడు. కారు పరుగు అందుకుంది గానీ, ఫ్యాక్టరీ ఎన్నడూ కలపని ఇంజిన్‌కూ బాడీకీ కంపెనీ వారంటీ అతికేది కాదు. ఇంజిన్ మార్పిడికి అయ్యే కూలి, సమయం అదనం. దీనికి యెంకో వెతికిన ఉపాయం ఇంజనీరింగ్‌ది కాదు, గుమాస్తా లెక్కలది. టాక్సీలు, పోలీసు వాహనాలు గుత్తగా కొనేవారి ప్రత్యేక కోరికల కోసం షెవర్లేలో 'కోపో' అనే ఆర్డరు విధానం ఉండేది: మామూలు జాబితాలో లేని రంగో భాగమో కావాలంటే కేంద్ర కార్యాలయం అనుమతితో ఫ్యాక్టరీలోనే బిగించి పంపేవారు. 1969లో కోపో 9561 అనే సంఖ్య కింద 427 ఇంజిన్ కమారోకు ఫ్యాక్టరీలోనే ఎక్కింది. నిన్నటిదాకా 'మార్పు' అనిపించుకున్నది ఒక ఆర్డరు సంఖ్యతో 'అసలు' అయిపోయింది, దానితోపాటు కంపెనీ వారంటీ కూడా వచ్చింది. లోహంలో ఏ తేడా లేదు. ఇంజిన్ ఏ కప్పు కింద బిగించారన్నదే తేడా.

దీనికి సరిగ్గా ఎదురైన ఉదాహరణ 1968లో క్రైస్లర్ అందించింది. పందేల కోసం కంపెనీ తానే హెమీ ఇంజిన్ బిగింపజేసి అమ్మిన డాడ్జ్ డార్ట్, ప్లిమత్ బారకూడా కార్లను ఉన్నది ఉన్నట్టుగా, వారంటీ లేకుండా ఇచ్చింది. రోడ్ల మీద వాడకానికి తయారుచేసినవి కావని వాటి మీద చీటీ కూడా అంటించింది. అంటే కంపెనీ పూనికతో మారిన కారుకు వారంటీ లేదు, డీలరు ఊహలో మారిన కారుకు ఉంది. న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలండ్‌లో బాల్డ్విన్ షెవర్లే, మోషన్ పెర్ఫార్మెన్స్ సంస్థలు కలిసి అమ్మిన కార్లయితే క్వార్టర్ మైలు దూరాన్ని 11.5 సెకన్లలో దాటకపోతే డబ్బు వాపసు అన్న హామీతో వచ్చేవి. చెడిపోదన్న హామీ ఇవ్వడానికి వెనుకాడే రోజుల్లో గెలుస్తుందన్న హామీ ఇవ్వగలగడం ఆ దశాబ్దపు ధీమాకు కొలత.

ఆ ధీమా ఎక్కువ కాలం నిలవలేదు. దీర్ఘ వారంటీల భారం మోయలేక కంపెనీలు 1960ల చివరికి వాటిని కుదించడం మొదలుపెట్టాయి. మరోవైపు వినియోగదారుల ఫిర్యాదులు పేరుకుపోగా, వాణిజ్యంలో మోసాలను అరికట్టే కేంద్ర సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కార్ల వారంటీల అమలుపై విచారణ జరిపి 1970లో నివేదిక ఇచ్చింది. దాని తర్వాత కొన్నేళ్ళు సాగిన ప్రయత్నాల ఫలితంగా వచ్చినదే మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం. సెనేటర్ వారెన్ మాగ్నసన్, కాలిఫోర్నియా ప్రతినిధి జాన్ మాస్ పేర్లు మోసే ఈ చట్టం మీద 1975 జనవరి 4న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకం చేశాడు. కార్ల కంపెనీతో ఆయనకు ఇంటిపేరు పోలికే గానీ చుట్టరికం లేదు.

ఈ చట్టం ఏ కంపెనీనీ వారంటీ ఇచ్చి తీరాలని నిర్బంధించదు. ఇస్తే మాత్రం షరతులు తేటగా రాయాలని, అది 'పూర్తి' వారంటీయో 'పరిమిత' వారంటీయో పైనే చెప్పాలని కోరుతుంది. మార్పుల విషయంలో కీలకమైనది దానిలోని ముడిపెట్టి అమ్మడంపై నిషేధం. ఫలానా బ్రాండు భాగాలో సేవలో వాడితేనే వారంటీ వర్తిస్తుందని కంపెనీ షరతు పెట్టకూడదు. అలా పెట్టాలంటే ఆ భాగాన్ని ఉచితంగా ఇవ్వాలి, లేదా అది లేకుండా వస్తువు సరిగా పనిచేయదని, షరతు ప్రజాహితమేనని కమిషన్ ముందు నిరూపించి ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి. చట్టానికి అనుబంధంగా కమిషన్ చేసిన వివరణలో అసలు గీత కనిపిస్తుంది: అనధికార భాగంతో సంబంధం లేని లోపానికి కంపెనీ బాధ్యత తప్పించుకోలేదు, ఆ భాగం వల్లనే నష్టం కలిగిందని తాను చూపగలిగితే మాత్రం తిరస్కరించవచ్చు. పాత వారంటీలలో కంపెనీ అభిప్రాయం ఉన్న చోటికి ఇప్పుడు కంపెనీ చూపవలసిన కారణం వచ్చి చేరింది.

అమెరికాలో కార్ల ప్రియుల మధ్య ఈ చట్టానికి ఉన్న పేరు దాని అసలు శక్తికంటే పెద్దది. ఏ మార్పు చేసినా వారంటీ చెక్కుచెదరదని అది ఎక్కడా అనలేదు. సైలెన్సర్ మార్చిన కారులో కిటికీ అద్దం ఎత్తే మోటారు పాడైతే వారంటీ నిరాకరించడానికి కంపెనీకి దారి లేదు, ఎందుకంటే ఒకదాని పొగ మరొకదానికి తగలదు. ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా ఎక్కించే సూపర్‌చార్జర్ బిగించిన కారులో కనెక్టింగ్ రాడ్ బేరింగ్ కరిగితే సంగతి వేరు. లోపల ఒత్తిడి పెరిగితే ఆ బేరింగ్ మీద భారం పెరుగుతుందని చూపడం కంపెనీ ఇంజనీరుకు కష్టం కాదు. కష్టమంతా ఈ రెండింటి నడుమ ఉంది. బండిని ఎత్తు చేసే కిట్ వేస్తే ముందు చక్రాలకు తిప్పుడు అందించే ఇరుసు కీళ్ళ కోణం మారుతుంది, అవి త్వరగా అరగవచ్చు. కానీ ఆ కీలు మార్పు వల్ల అరిగిందా, రబ్బరు తొడుగు మొదటి నుంచీ చీలి ఉండి గ్రీజు కారిపోవడం వల్ల అరిగిందా అన్నది ఆ భాగాన్ని విప్పి చూస్తేనే గాని తెలియదు. విప్పేది డీలరు మెకానిక్కు. విప్పిన కూలి ఎవరిదన్నది కారణం తేలేదాకా తేలదు.

డీలరు జంకుకు ఒక లెక్క ఉంది. వారంటీ కింద చేసిన పనికి అతనికి డబ్బు కంపెనీ నుంచి రావాలి. పని చేసి, పాత భాగాన్ని దాచి, చిట్టా పంపితే కంపెనీ చెల్లిస్తుంది. తర్వాత తనిఖీలో ఆ బండికి మార్పులున్నాయని, డీలరు చూసీ చూడనట్టు వదిలాడని తేలితే ఇచ్చిన సొమ్మును అతని ఖాతా నుంచి తిరిగి పట్టుకుంటుంది. చట్టం కంపెనీని రుజువు అడిగింది సరే. కంపెనీ ఆ భయాన్ని డీలరు మీదికి దింపింది. మార్పులను ఆదరించే డీలరు ఒక ఊళ్ళో, బంపరు మీది చీటీ చూసి కూడా ముఖం చిట్లించే డీలరు పక్క ఊళ్ళో ఉండటానికి మూలం ఇదే.

ఈలోగా గాలి కాలుష్య చట్టం మరో పెద్దమనిషిలా మధ్యలోకి వచ్చింది. 1970 నాటి క్లీన్ ఎయిర్ చట్టం కింద పొగను శుద్ధిచేసే అమరికలను తొలగించడం, పనిచేయకుండా చేయడం నిషిద్ధమయ్యాయి. 1990 సవరణలు, 1995 మోడళ్ళ నుంచి, కాటలిటిక్ కన్వర్టర్‌కూ ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్‌కూ 8 ఏళ్ళు లేదా 80,000 మైళ్ళ వారంటీని తప్పనిసరి చేశాయి. కాలిఫోర్నియాలో పొగ వ్యవస్థను తాకే విడి సామగ్రి అమ్మాలంటే రాష్ట్ర వాయు వనరుల మండలి పరీక్షించి ఇచ్చే ఉత్తర్వు సంఖ్య కావాలి. ఆ సంఖ్య ఉన్నంత మాత్రాన వారంటీ నిలుస్తుందని కాదు గానీ, ఆ భాగం ఎవరి కంటా పడని దొంగసరుకు కాదనడానికి యజమాని చేతిలో ఒక కాగితం ఉంటుంది.

రుజువు తీరును నిజంగా మార్చింది కంప్యూటర్. 1996 నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటిలో ఓబీడీ-2 అనే ఉమ్మడి తనిఖీ వ్యవస్థ ఉండాలన్న నియమం వచ్చింది. ఇంజిన్ బలం పెంచడానికి గ్యాస్కెట్లు మార్చనక్కరలేకుండా పోయింది. కంప్యూటర్‌లోని పట్టికలను తిరగరాస్తే చాలు. కానీ ఆ పట్టికల నుంచి లెక్కకట్టే ఒక సరిచూపు సంఖ్య ఉంటుంది, ఒక్క అంకె మారినా అది మారుతుంది. ఎన్నిసార్లు తిరగరాశారో కూడా చాలా బండ్లు గుర్తుంచుకుంటాయి, కాబట్టి డీలరు దగ్గరికి పోయే ముందు పాత పట్టికలను తిరిగి ఎక్కించినా జాడ మిగులుతుంది. ఫోక్స్‌వాగన్, ఆడి డీలర్ల దగ్గర అలా పట్టుబడ్డ కారు నంబరుకు 'టీడీ1' అనే గుర్తు తగిలి, ఇంజిన్ వారంటీ విషయంలో అది ఏ డీలరు దగ్గరికి వెళ్ళినా కనిపిస్తుంది. చట్టం అడిగింది ఫలానా చెడుకు ఫలానా మార్పు కారణమన్న రుజువు. కంప్యూటర్ ఇచ్చేది మార్పు జరిగిందన్న రుజువు మాత్రమే. ఈ రెంటినీ ఒకటిగా చెలామణి చేయడం నేటి తగాదాలలో కంపెనీల వైపు కనిపించే పెద్ద లోపం. యజమానుల వైపు లోపం వేరు: జాడ చెరిపేసుకుని ఏమీ ఎరగనట్టు వెళ్ళడం.

కమిషన్ కూడా నిద్రపోలేదు. 2015లో బీఎండబ్ల్యూకు చెందిన మినీ విభాగం, తమ భాగాలనే, తమ డీలర్లనే వాడాలన్న షరతు విషయంలో కమిషన్‌తో రాజీ ఉత్తర్వుకు ఒప్పుకుంది. 2022లో హార్లే-డేవిడ్సన్ వంతు వచ్చింది. అసలు భాగాలే వాడాలన్న తరహా మాటలను వారంటీ నుంచి తీసేసి, బయటి భాగాలు వాడినా వారంటీ పోదని కొనుగోలుదారులకు తెలియజేయాల్సి వచ్చింది. మరోపక్క కంపెనీలు యెంకో నాటి ఉపాయాన్ని తమ సొంతం చేసుకున్నాయి. టొయోటా తన టీఆర్‌డీ విభాగం సూపర్‌చార్జర్‌ను డీలరే బిగిస్తే కారు వారంటీ నిలిచేలా అమ్మింది. ఫోర్డ్ కూడా తన పెర్ఫార్మెన్స్ విభాగపు కొన్ని సామగ్రులకు, డీలరో అర్హత పొందిన మెకానిక్కో బిగించాలన్న షరతు మీద, 3 ఏళ్ళు లేదా 36,000 మైళ్ళ వారంటీ ఇస్తుంది. అదే భాగాన్ని కౌంటరు మీద కొని ఇంట్లో బిగించుకుంటే లెక్క మారిపోతుంది.

భారతదేశంలో ఇదే ప్రశ్న రెండు వేర్వేరు దారుల్లో నడిచింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చరాదంటుంది. ఇంధనం మార్చే గ్యాస్ కిట్ల వంటి వాటికి షరతులతో సడలింపు ఉంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను కఠినంగానే వ్యాఖ్యానించింది. అంటే ఇక్కడ పెద్ద మార్పులు వారంటీ దాకా రాకముందే రవాణా కార్యాలయం దగ్గర ఆగుతాయి. కానీ బయట మరమ్మతు చేయిస్తే వారంటీ రద్దన్న షరతు మాగ్నసన్-మాస్ గొడవకు తోబుట్టువే, దానిపై కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. స్వతంత్ర మెకానిక్కు దగ్గరికి వెళ్ళారన్న ఒక్క కారణంతో వారంటీని గంపగుత్తగా రద్దుచేయరాదని, ఆ మరమ్మతు తప్పు వల్ల కలిగిన నష్టం మేరకే తగిన కారణంతో నిరాకరించవచ్చని ఆదేశించింది. 2016 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునల్ టొయోటా, ఫోర్డ్, నిస్సాన్‌ల విషయంలో కమిషన్ తేల్చిన తప్పును సమర్థిస్తూనే జరిమానా లెక్కకట్టే పద్ధతిని సవరించింది.

విజయవాడ ఆటోనగర్‌లో లారీకి బాడీ కట్టే పనివారికి ఈ విభజన కొత్తది కాదు. కంపెనీ ఛాసిస్ అమ్ముతుంది, దాని మీద తొట్టి మరొకరు కడతారు. ఛాసిస్‌కు కంపెనీ వారంటీ, తొట్టికి కట్టినవారి మాట. ఫ్రేముకు ఎక్కడ పడితే అక్కడ రంధ్రాలు వేయవద్దని, వెల్డింగ్ చేయవద్దని తయారీదారులు ముందే సూచనలిస్తారు. తర్వాత ఫ్రేము పగిలితే పగులు వెల్డింగ్ దగ్గర మొదలైందా, దానికి దూరంగా మొదలైందా అని చూస్తారు, ఎవరి ఖర్చన్నది దాన్ని బట్టి తేలుతుంది.